రౌండాఫ్ బాగానే వస్తుంది, ఫ్లిక్ దగ్గర ఆగిపోతోంది. పాప భయం పోవాలంటే ఏం చేయాలి?

కూకట్‌పల్లి అమ్మ

నమస్తే అండీ. ఇక్కడ జిమ్నాస్టిక్స్ పిల్లల తల్లిదండ్రులు, కోచ్‌లు ఉన్నారని తెలిసి రాస్తున్నాను. మా పాపకు పదేళ్లు, ఐదో తరగతి. ఆరో ఏట నుంచి నేర్చుకుంటోంది. రౌండాఫ్ (పరుగెత్తి చేతుల మీద పక్కకు తిరిగి, వచ్చిన వైపుకు ముఖం ఉండేలా రెండు కాళ్లూ కలిపి దిగడం) వేసి వెంటనే ఫ్లిక్, అంటే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి దూకి చేతులు నేలకు ఆనించి మళ్లీ కాళ్ల మీదికి రావడం), ఏడాదిగా ఎవరి సాయం లేకుండా చేసేది. వేసవి సెలవుల్లో ఒకరోజు చెయ్యి జారి తల మ్యాట్‌కు తగిలింది. మెడ పట్టేసింది. డాక్టర్‌కు చూపిస్తే ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. కొన్నాళ్లు ఇంట్లో ఉంచి మళ్లీ పంపాం.

అప్పట్నుంచి కథ మారిపోయింది. పరుగెత్తుతుంది, రౌండాఫ్ వేస్తుంది, అక్కడే నిలబడిపోతుంది. తల దించుకుని మళ్లీ ఫ్లోర్ మూలకు నడిచి వెళ్తుంది, మళ్లీ పరుగు, మళ్లీ అదే. విచిత్రం ఏమిటంటే సార్ పక్కన ఉంటే చేస్తుంది. ఆయన చెయ్యి వేయకపోయినా సరే. రెండడుగులు అవతలికి జరిగారంటే చేయదు.

వాళ్ల నాన్న "అంత భయమైతే మానిపించేద్దాం, ఏ చెస్‌లోనో వేద్దాం" అంటున్నారు. అత్తయ్యగారేమో ఫ్లిక్ చేస్తే వెండి పట్టీలు కొనిపెడతానని ఆశ పెడుతున్నారు. పాప మాత్రం మానేస్తానని ఒక్కసారి కూడా అనలేదు. వచ్చే నెలలో జిల్లా సెలక్షన్స్. పాపకంటే నాకే టెన్షన్ ఎక్కువగా ఉంది. ఇలాంటిది ఎవరైనా దాటి వచ్చారా?

జిమ్ సార్ వైజాగ్

మేడమ్, నేను చిన్నపిల్లలకు కోచింగ్ ఇస్తుంటాను. సలహాకు ముందు కొన్ని సంగతులు కావాలి.

పరుగు లేకుండా, ఉన్నచోట నిలబడి ఫ్లిక్ చేస్తుందా? ట్రాంపోలిన్ మీదో, టంబుల్ ట్రాక్ (పొడుగాటి ట్రాంపోలిన్ లాంటిది) మీదో చేస్తుందా? మీ హాల్లో వెడ్జ్ మ్యాట్, అంటే వాలుగా ఉండే మ్యాట్, ఉందా? ఈ మధ్య ఎత్తు పెరిగిందా? మణికట్టు నొప్పి అంటుందా? పడిన రోజు చెయ్యి ఎలా జారింది, చెమటకా, మోచేయి వంగిందా?

ఇంకొకటి. సార్ అనుమతిస్తే పక్క నుంచి ఒక్క వీడియో తీయండి, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి. పాప ఆగిపోయిన వీడియో అయినా పనికొస్తుంది. నాకు కావాల్సింది రౌండాఫ్ దిగే చోటే.

ఫ్రిస్కో నాన్న

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా పెద్దమ్మాయి ఇక్కడి జిమ్నాస్టిక్స్ పోటీల్లో లెవెల్ 4. ఆ లెవెల్ ఫ్లోర్ రొటీన్‌లో రౌండాఫ్ తర్వాత వరసగా రెండు బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌లు ఉండాలి. సీజన్ మధ్యలో మా అమ్మాయికి రెండోది పోయింది. పోయింది అంటే నిజంగానే పోయింది. నిన్నటిదాకా చేసిన పిల్ల ఇవాళ "నాకు ఎలా చేయాలో గుర్తు రావట్లేదు నాన్నా" అంది. ఇక్కడ దీన్ని మెంటల్ బ్లాక్ అంటారు. జిమ్‌లో తల్లిదండ్రులు కూర్చునే చోట అడిగితే ప్రతి రెండో ఇంట్లోనూ ఇదే గోల.

మా కోచ్ మాకు పెట్టిన మొదటి షరతు కారులో ఫ్లిక్ మాట ఎత్తకూడదని. "ఇవాళ చేశావా?" అని అడగకూడదు. "ఆకలేస్తోందా?" అనొచ్చు, స్కూల్ గురించి అడగొచ్చు. నాకు అది చాలా కష్టమైంది. మనకు అడగకుండా ఉండటం రాదు కదా, రిపోర్ట్ కార్డ్ చేతికి రాకముందే మార్కులు అడిగే రకం. కానీ రెండు వారాలకే పిల్ల తనంతట తానే జిమ్ కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

పట్టీల సంగతి: అత్తయ్యగారిని నొప్పించకుండా ఆ పట్టీలు ఏ పుట్టినరోజుకో కొనిపెట్టమనండి. చేస్తేనే ఇస్తాననడం వల్ల చేయలేకపోయిన ప్రతి రోజూ పిల్లకు రెండు నష్టాలు.

పాత బ్యాచ్

ఇంత ఆలోచన ఎందుకండీ? మా రోజుల్లో కొబ్బరిపీచు మ్యాట్‌ల మీద చేశాం. పడ్డాం, లేచాం. మా సార్ గట్టిగా ఒక్క అరుపు అరిచేవారు, భయం ఎగిరిపోయేది. ఇప్పుడు పిల్ల ముఖం చిన్నబోతే చాలు కౌన్సెలింగ్ అంటున్నారు. మన ఒలింపిక్ జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ భయపడుతూ కూర్చుంటే అంత కష్టమైన ప్రొడునోవా వాల్ట్ చేసేదా?

జిమ్ సార్ వైజాగ్

పాత బ్యాచ్ గారూ, మీ తరం మీద గౌరవంతోనే చెబుతున్నా. ఆ అరుపులకు నిలబడ్డవాళ్లే మీకు గుర్తున్నారు. మానేసి వెళ్లినవాళ్లు ఈ థ్రెడ్‌లోకి వచ్చి రాయరు.

దీపా సంగతి తీశారు కాబట్టి: 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో ఆమె 15.066తో నాలుగో స్థానం, కాంస్యానికి 0.150 దూరం. ప్రొడునోవా అంటే పరుగెత్తి వచ్చి వాల్ట్ టేబుల్ మీద చేతులు ఆనించి గాల్లో ముందుకు రెండు పల్టీలు. అలాంటి వాల్ట్‌ను ఎంత ధైర్యవంతులైనా మొదట ఫోమ్ పిట్‌లోకి, అంటే స్పాంజి ముక్కలు నింపిన గుంతలోకి, చేస్తారు, తర్వాత మెత్తటి మ్యాట్‌ల గుట్ట మీదికి, గుట్ట ఎత్తు తగ్గించుకుంటూ చివరికి గట్టి మ్యాట్ మీదికి. అరిస్తే వచ్చే విద్య కాదు.

అరుపు వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది. సార్ భయానికి బయల్దేరిన పిల్ల గాల్లోకి లేచాక మనసు మార్చుకుంటుంది. ఫ్లిక్‌లో పూర్తిగా చేసినవాడికంటే సగంలో ఆపినవాడికే ఎక్కువ దెబ్బ. చేతులు నేలకు చేరవు, తలో మెడో ముందు తగులుతుంది. అందుకే నా దగ్గర పిల్లలకు ఒక్కటే నియమం. వద్దనుకుంటే పరుగు మొదలుపెట్టకముందే చెప్పు, నేనేమీ అనను. బయల్దేరావా, పూర్తి చెయ్యి.

బెజవాడ ఫిజియో

అమ్మగారూ, వైద్యం వైపు నుంచి రెండు మాటలు.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు అదిరితే, దాన్నే కంకషన్ అంటాం, అది ఎక్స్‌రేలో కనిపించదు. ఆ తర్వాత రోజుల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం ఉన్నాయా? చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం లాంటివి ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా ఫ్లిక్ సంగతి పక్కనపెట్టి మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రెండోది మణికట్టు. ఈ వయసులో ముంజేయి ఎముక చివర పెరుగుదల జరిగే చోటు ఇంకా మెత్తగా ఉంటుంది. రోజూ చేతుల మీద బరువు వేసే పిల్లలకు అక్కడ ఒత్తిడి పేరుకుంటుంది. బొటనవేలి వైపు నొక్కితే నొప్పి, పుష్‌అప్ పొజిషన్‌లో చెయ్యి వెనక్కి వంచితే నొప్పి. చాలామంది పిల్లలు ఈ నొప్పి బయటికి చెప్పరు, చెబితే ఆపేస్తారని. మనకేమో భయంలా కనిపిస్తుంది. "నొప్పిగా ఉందా?" అని అడిగితే లేదంటారు. "ఎక్కడ నొక్కితే తేడాగా ఉంది, చూపించు" అని అడగండి.

ఎత్తు పెరిగే దశలో అలవాటైన కదలికలు కూడా తప్పుతాయి. కాళ్లు, చేతులు సాగాయి, బరువు మారింది, శరీరం నేర్చుకున్న లెక్క పాతది. కొన్నాళ్లకు సర్దుకుంటుంది.

కూకట్‌పల్లి అమ్మ

అందరికీ ధన్యవాదాలు. తలనొప్పి, తిమ్మిరి ఏమీ లేవు. మణికట్టు నొక్కి చూశాను, నవ్వింది, నొప్పి లేదు. ఎత్తు మాత్రం బాగా పెరిగింది, జూన్‌లో కొన్న యూనిఫాం అప్పుడే పొట్టిదైంది.

జిమ్ సార్ గారూ, ట్రాంపోలిన్ మీద ఒక్కతే చేస్తుంది. నిలబడి చేసేది కూడా చేస్తుంది, కానీ సార్ చెయ్యి ఉండాలి. రౌండాఫ్ నుంచి అయితే సార్ పక్కనుండాల్సిందే. వెడ్జ్ మా హాల్లో లేదు. వీడియో తీశాను, మీకు మెసేజ్‌లో పంపుతున్నాను. ఇక్కడ అందరికీ పెట్టడం ఇష్టం లేదు.

బీమ్ మీద నేను

ఆంటీ, నాకు పదిహేడు. నాకూ పదకొండేళ్లప్పుడు ఇదే జరిగింది. పెద్దవాళ్లందరూ రాస్తున్నారు కదా, లోపల ఎలా ఉంటుందో చెబుతాను.

"భయపడకు" అంటే నాకు ఏం చేయాలో అర్థమయ్యేది కాదు. మూలలో నిలబడినప్పుడు భయమేమీ ఉండదు, ఈసారి చేసేస్తాననే అనుకుంటాను. పరుగెత్తేటప్పుడు కూడా బాగానే ఉంటుంది. రౌండాఫ్‌లో కాళ్లు దిగగానే ఒళ్లు దానంతట అదే బ్రేక్ వేస్తుంది. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేకపోతుంది చూడండి, అప్పుడు ఒళ్లు ఝల్లుమంటుంది కదా, అదే. నేను ఆపడం లేదు, అదే ఆగిపోతోంది. కానీ సార్‌కు అలా చెబితే "సాకులు చెప్పకు" అనేవారు.

అమ్మ ఫోన్ పట్టుకుని లేచిందంటే నాకు కాళ్లు బిగుసుకుపోయేవి. ఇంకా, నేను ఆగిపోయాక అందరూ చప్పట్లు కొట్టి "కమాన్ కమాన్" అనేవారు. మంచికే, కానీ హాలంతా నావైపే చూస్తోందని ఏడుపొచ్చేది. మీ పాపను అడగండి, ఆ చప్పట్లు కావాలో వద్దో.

నాకు పనిచేసింది చిన్న మాట. రౌండాఫ్ దిగేటప్పుడు మనసులో "చేతులు చెవులకు" అనుకునేదాన్ని. ఆ మాట నడుస్తుంటే వేరే ఆలోచనకు చోటుండేది కాదు.

తెనాలి బాబు

మా వాడికి తొమ్మిదేళ్లు. దగ్గర్లో జిమ్నాస్టిక్స్ లేదు. యూట్యూబ్ చూసి డబుల్ కాట్ పరుపు కింద వేసి నేర్పిస్తున్నాను. నేను నడుం దగ్గర పట్టుకుంటాను. భయం లేదు వాడికి. మీరూ ఇంట్లో పరుపు మీద చేయించండి, అలవాటవుతుంది.

జిమ్ సార్ వైజాగ్

బాబు గారూ, దయచేసి ఆపండి. పరుపులో చెయ్యి దిగబడుతుంది, మణికట్టు మడతపడుతుంది, నెట్టడానికి ఆధారం దొరకదు. పట్టుకోవడం కూడా ఒక విద్య. ఒక చెయ్యి నడుం కింద, రెండోది తొడ వెనక ఉండాలి, పిల్లవాడి బరువు ఏ క్షణంలో ఎటు పోతుందో చేతికి తెలియాలి. నడుం ఒక్కటే పట్టుకుంటే తల కిందికి పోతుంది. ఇంట్లో గోడకు హ్యాండ్‌స్టాండ్, బ్రిడ్జ్, స్ట్రెచింగ్ చేయించండి, అవి చాలు.

ఇక కూకట్‌పల్లి మేడమ్. వీడియో చూశాను. మీ పాపకు ఊరికే భయం పుట్టలేదు. రౌండాఫ్‌లో కాళ్లు ఒంటికి చాలా వెనకగా దిగుతున్నాయి, ఛాతీ కిందికి వంగి ఉంది, చేతులు చెవుల దగ్గర లేవు, మోకాళ్ల ముందు వేలాడుతున్నాయి. ఆ స్థితి నుంచి వెనక్కి దూకితే ఫ్లిక్ పొడుగ్గా పోదు. పైకి లేచి ఉన్నచోటే కూలబడుతుంది. చేతులు తలకు మరీ దగ్గరగా పడతాయి, మోచేతులు లొంగుతాయి. ఆ రోజు చెయ్యి జారడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. పాప ఒంటికి ఈ సంగతి తెలుసు. అందుకే బ్రేక్ వేస్తోంది. ఆ బ్రేక్ సరైనదే.

పడ్డాక ఇంకో చిక్కు వచ్చి చేరుతుంది. భయంతో పరుగు నెమ్మదిస్తుంది. పరుగు నెమ్మదిస్తే రౌండాఫ్‌లో ఊపు ఉండదు. ఊపు లేని రౌండాఫ్ నుంచి ఫ్లిక్ ఇంకా భయంగా ఉంటుంది. కాబట్టి ఫ్లిక్ గురించి బతిమాలడం ఆపి రౌండాఫ్ బాగుచేయాలి.

నేనైతే ఏం చేస్తానంటే, కొన్నాళ్లు ఫ్లోర్ మీద రౌండాఫ్-ఫ్లిక్ అనే మాటే ఎత్తను. రౌండాఫ్ వేసి నిటారుగా పైకి ఎగిరి దిగడం, చేతులు చెవులకు ఆనించి, అంతవరకే. అది బాగుపడ్డాక వెనక మెత్తటి లావు మ్యాట్‌లు నడుం ఎత్తుకు పేర్చి, రౌండాఫ్ నుంచి ఎగిరి వాటి మీద వెల్లకిలా పడమంటాను. వెనక్కి వెళ్లడం, చూడకుండా వెళ్లడం, రెండూ అందులో ఉన్నాయి, తల కిందికి పోయే పని లేదు. పిల్లలకు ఇది సరదా కూడా. పక్కనే విడిగా, వాలు మీద నిలబడి ఫ్లిక్. వెడ్జ్ లేదన్నారు కదా, స్ప్రింగ్‌బోర్డు మీద మడత మ్యాట్ పరిస్తే చిన్న వాలు వస్తుంది. వాలు మీద నుంచి దిగువకు చేస్తే చేతులు నేలకు చేరడానికి ఇంకాస్త సమయం దొరుకుతుంది. రెండూ విడివిడిగా కుదిరాకే కలపాలి.

సార్ చెయ్యి తీసే పద్ధతి కూడా ఒక్కసారిగా ఉండకూడదు. ముందు నిండుగా పట్టుకోవడం, తర్వాత నడుంకు అరచెయ్యి తగిలీ తగలనట్టు, తర్వాత వేళ్లు మాత్రం, తర్వాత పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం, తర్వాత నిలబడటం, తర్వాత ఒక అడుగు అవతలికి. మోసం మాత్రం చేయకూడదు. "పట్టుకుంటా" అని చెప్పి ఆఖరి క్షణంలో చెయ్యి తీసేసే కోచ్‌లు ఉన్నారు. పిల్ల ఆ ఒక్కసారి చేసేస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఆ కోచ్‌ను నమ్మదు.

పాత బ్యాచ్

రౌండాఫ్ మాట నిజమే. మేం కూడా ఛాతీ లేపు లేపు అని తిట్లు తిన్నవాళ్లమే. కానీ ఒక మాట ఒప్పుకోండి సార్. రోజంతా భయం గురించే మాట్లాడితే లేని భయం కూడా వస్తుంది. ఇంట్లో, హాల్లో, ఫోన్‌లో, ఇప్పుడు ఈ థ్రెడ్‌లో, అందరూ ఆ పిల్ల భయం గురించే. పిల్ల కూడా "నేను ఫ్లిక్ రాని అమ్మాయిని" అని ఖాయం చేసేసుకుంటుంది.

జిమ్ సార్ వైజాగ్

ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను.

మనసు మాట

నేను పిల్లల సైకాలజిస్ట్‌ని. పాత బ్యాచ్ గారు చివర రాసింది నేను రాయాలనుకున్నదే.

1977లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త, ఒక పని నేను చేయగలననే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో వివరించాడు. తాను స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇతరులు చెప్పే మాటలు, ఒంట్లో ఆ క్షణాన ఉండే అలజడి. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. మనం మాత్రం మూడోదాని మీదే పడతాం, "నువ్వు చేయగలవమ్మా" అని. పాప వందసార్లు మూలకు నడిచి వెళ్లి వందసార్లు ఆగిపోతే, ఆమె స్వయంగా సాధన చేస్తున్నది ఆగిపోవడాన్నే. జిమ్ సార్ గారు ఫ్లోర్ మీద దాన్ని కొన్నాళ్లు పూర్తిగా పక్కన పెట్టమన్నది అందుకే మంచిది.

దానికి ఒక పద్ధతి. పాపనే ఒక కాగితం మీద మెట్లు రాయమనండి. ట్రాంపోలిన్ మీద ఒక్కతే, వాలు మీద సార్ చేత్తో, వాలు మీద సార్ కూర్చుని ఉండగా, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా భయం మార్కు తానే వేయాలి. మూడో నాలుగో ఉన్న చోట మొదలుపెట్టాలి. అది ఒకటికి దిగాకే పైమెట్టు. సార్ నిలబడే దూరం కూడా ఒక మెట్టే. కొన్ని రోజులు మార్కు పెరుగుతుంది, నిద్ర సరిపోకపోయినా, స్కూల్లో పరీక్ష ఉన్నా. ఆ రోజు ఒక మెట్టు కిందికి దిగి చేసి ఇంటికి రావాలి.

ఇంట్లో "ఏం కాదులే" అనకండి. ఏదో ఒకటి అయింది కదా, తల తగిలింది కదా. "అవును, ఆ రోజు దెబ్బ తగిలింది. ఇప్పుడు దాన్ని సరిచేసుకుంటున్నావు" అంటే పిల్లకు నమ్మబుద్ధి అవుతుంది.

భయం నిద్రలోకి, స్కూల్లోకి, తిండిలోకి పాకితే మాత్రం ఎవరినైనా కలవండి. పీడకలలు, జిమ్‌కు వెళ్లే రోజున కడుపునొప్పి, అలాంటివి.

సికింద్రాబాద్ ఫ్యాన్

టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు వచ్చింది ఇదేనా? ఆమె కూడా ఆగిపోయింది కదా?

ఫ్రిస్కో నాన్న

దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదండీ. ఆమెకు వచ్చినదాన్ని ట్విస్టీస్ అంటారు. గాల్లో మెలి తిరుగుతుండగా తాను ఎక్కడున్నానో ఒంటికి తెలియకుండా పోవడం. 2021 జులైలో టీమ్ ఫైనల్ వాల్ట్‌లో రెండున్నర మెలికలు చేయాల్సింది ఒకటిన్నరే చేసి దిగింది, వెంటనే పక్కకు తప్పుకుంది. తర్వాత బీమ్ (సన్నటి దూలం మీద చేసే పోటీ) ఫైనల్‌కు వచ్చి కాంస్యం గెలిచింది, అదీ మెలికలు లేకుండా దిగేలా డిస్‌మౌంట్, అంటే చివర కిందికి దూకే విన్యాసం, మార్చుకుని. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. మా అమ్మాయికి నేను చూపించింది ఆ బీమ్ రొటీనే, పతకాలు కాదు. ఏది చేయగలదో అది ఉంచుకుని, చేయలేనిది తీసేసి, పోటీలో నిలబడింది.

మన హైదరాబాద్ అమ్మాయి అరుణారెడ్డి కూడా ఉంది. కరాటే నుంచి జిమ్నాస్టిక్స్‌కు వచ్చి ఎల్బీ స్టేడియంలో నేర్చుకుంది. 2018 మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ కాంస్యం, ఆ టోర్నీలో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారతీయ జిమ్నాస్ట్. తర్వాత మోకాలి గాయం, ఆపరేషన్. మళ్లీ వచ్చి 2021 చివర్లో కైరోలో వాల్ట్, ఫ్లోర్ రెండింట్లోనూ స్వర్ణం. ఆపరేషన్ అయిన కాలితో మళ్లీ వాల్ట్ మీదికి పరుగెత్తడం ఎంత కష్టమో ఆలోచించండి.

కూకట్‌పల్లి అమ్మ

ఇన్ని విషయాలు చెప్పారు, ఇప్పుడు అసలు చిక్కు. మా సార్‌తో ఎలా మాట్లాడాలి? ఆయన మంచివారు, పాపను ఎప్పుడూ కొట్టలేదు, గట్టిగా తిట్టలేదు కూడా. కానీ ఆన్‌లైన్‌లో చదివి వచ్చి ఇలా చేయండి అంటే ఏ కోచ్‌కైనా మండుతుంది. పైగా ముప్పై మంది పిల్లలకు ఆయన ఒక్కరే.

జిమ్ సార్ వైజాగ్

మండుతుంది, నిజమే. నాకూ మండుతుంది.

క్లాసు నడుస్తున్నప్పుడు వెళ్లకండి. మ్యాట్‌లు సర్దే వేళకు వెళ్లి, సలహా చెబుతున్నట్టు కాకుండా ప్రశ్నలా అడగండి. "సార్, వీడియోలో రౌండాఫ్ దిగేటప్పుడు ఛాతీ కిందికి ఉన్నట్టు నాకనిపించింది, మీరు ఒకసారి చూస్తారా?" అంటే ఏ కోచ్ అయినా ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. తప్పు తానే చూస్తాడు, మందు తానే చెబుతాడు. ఈ థ్రెడ్ సంగతి ఎత్తకపోయినా నష్టం లేదు. రెండోది, "సెలక్షన్స్‌కు ఫ్లిక్ లేకపోయినా మాకు పర్వాలేదు" అని మీ నోటితో మీరే చెప్పండి. చాలాసార్లు కోచ్ తొందరపెట్టేది తల్లిదండ్రులు తొందరపడుతున్నారని అనుకునే. ముప్పై మంది ఉన్నప్పుడు ఒక్క పిల్లకు అరగంట ఇవ్వలేరు, కానీ మ్యాట్‌ల గుట్ట ఒక మూల పెట్టించి ఇద్దరు ముగ్గురు పిల్లలను అక్కడికి పంపగలరు.

ఫ్లిక్ లేకుండా రొటీన్ చేస్తే ఆ ఎలిమెంట్ మార్కులు పోతాయి. పోనివ్వండి. పదేళ్ల పిల్లకు జిల్లా సెలక్షన్స్ మళ్లీ వస్తాయి.

మోడరేటర్

చిన్న మనవి. అకాడమీల పేర్లు, కోచ్‌ల పేర్లు, పిల్లల వీడియోలు ఇక్కడ పెట్టకండి. ఇప్పటిదాకా అందరూ పాటించారు, అలాగే కొనసాగించండి. తెనాలి బాబు గారి పోస్టు తీసేయమని ఇద్దరు అడిగారు. కింద సార్ జవాబు ఉంది కాబట్టి ఉంచుతున్నాం.

కూకట్‌పల్లి అమ్మ

సెలక్షన్స్ అయ్యాయి, అందుకే మళ్లీ రాస్తున్నాను.

సార్ వీడియో రెండుసార్లు చూసి, "ఎత్తు పెరిగింది కదమ్మా, హర్డిల్ పొట్టిగా పడుతోంది" అన్నారు. అంటే రౌండాఫ్‌కు ముందు వేసే ఆ గెంతు. ఫ్లోర్ మీద సుద్దతో గీత గీసి, చేతులు ఆ గీత దాటి పెట్టమన్నారు. మ్యాట్‌ల గుట్ట కూడా పెట్టించారు, ఇప్పుడు పిల్లలందరూ దాని మీద పడటానికి లైన్ కడుతున్నారట. మెట్ల కాగితం ఫ్రిజ్ మీద అంటిస్తానంటే పాప వద్దంది, బ్యాగ్‌లో చేతులకు తొడుక్కునే గ్రిప్స్ పక్కన పెట్టుకుంది. నేను చూడలేదు. చప్పట్లు వద్దని మాత్రం తనే వెళ్లి పిల్లలకు చెప్పుకుందట.

పోటీలో రౌండాఫ్ వేసి పైకి ఎగిరి దిగింది, అంతే. మార్కులు పోయాయి, సెలక్ట్ కాలేదు. కాస్త ఏడ్చింది, తర్వాత పానీపూరీ అడిగింది. సార్ పక్కన కూర్చుని ఉంటే వాలు మీద ఇప్పుడు ఫ్లిక్ ఒక్కతే చేస్తోంది. ఫ్లోర్ మీద ఇంకా లేదు. వాళ్ల నాన్న చెస్ మాట మానేశారు. పట్టీలు మాత్రం అత్తయ్య కొనేశారు, ఆగలేక.

బీమ్ మీద నేను

ఆంటీ, ఫ్లోర్ మీదికి వచ్చాక ఒకరోజు చేసి, మర్నాడు మళ్లీ ఆగిపోవచ్చు. అప్పుడు మీరు కంగారు పడకండి. నాకు అలా చాలాసార్లు అయింది. ఇప్పటికీ పొడుగు సెలవుల తర్వాత మొదటి రోజు నేను ట్రాంపోలిన్ మీదే మొదలుపెడతాను.

నిజామాబాద్ తల్లి

నాదొక ప్రశ్న, సందర్భం కాకపోతే క్షమించండి. మా పాపకూ ఇదే సమస్య. గాలి నింపే ఎయిర్‌ట్రాక్ కొంటే ఇంట్లో ప్రాక్టీస్ చేసి భయం పోతుందని ఎవరో చెప్పారు. కొనమంటారా?

జిమ్ సార్ వైజాగ్

హ్యాండ్‌స్టాండ్, కార్ట్‌వీల్, స్ట్రెచింగ్‌కు అయితే కొనండి. భయపడుతున్న ఫ్లిక్‌కు వద్దు, కోచ్ లేని చోట అసలే వద్దు. గాలి తక్కువ నింపితే చెయ్యి దిగబడుతుంది, ఎక్కువ నింపితే పిల్లను బయటికి విసిరేస్తుంది. కొన్నాక కూడా అది హాల్లో గ్రానైట్ మీద వేసి టీపాయ్ పక్కకు జరిపితే సరిపోదు, నాలుగు వైపులా ఖాళీ ఉండాలి, అంచుల దగ్గర మ్యాట్‌లు ఉండాలి. ముందు పాప ఎక్కడ ఆగిపోతోందో రాయండి. నిలబడి చేసేటప్పుడా, పరుగు నుంచా?